పన్ను ఊడిన బుల్లి రాజా

గడియ పెట్టింది మీరు. లోపల మనిషి అరుస్తుంటే వంటింట్లో కూర్చుని కాఫీ తాగింది మీరు. పోలీసులు వచ్చాక ఆ మనిషినే చూపించి దొంగ అన్నదీ మీరే. మీలో ఒకడు తలుపు మూశాడు. ఒకడు దొంగతనం చేశాడు. ఒకడు ఊరికే కూర్చున్నాడు. ఊరికే కూర్చున్నవాడికి ఏ చట్టంలోనూ శిక్ష లేదు. అందుకే వాడి పేరు కూడా ఇక్కడ రాయాల్సి వస్తోంది.

జరిగింది ఇది.

1996 ఆగస్టు. ఆదివారం ఉదయం ఏడు గంటలు. హొనొలులు.

డిటెక్టివ్ హారియెట్ నకోవా లాకప్ మెట్లు దిగింది. వారం సెలవు తర్వాత డ్యూటీలో మొదటి రోజు. గాలి పూర్తిగా ఆగిపోయి, కోనా ఉక్క పట్టి మూడు రోజులైంది. ఊళ్ళో కొబ్బరాకు కదలడం లేదు. మెట్ల మీదే చొక్కా వీపుకి అతుక్కుంది.

చేతిలో ఫైలు. దాని మీద లెఫ్టినెంట్ మాట ఇంకా చెవిలో ఉంది.

"సంతకం పెట్టడమే నీ పని. శుక్రవారం పదకొండు నలభైకి పట్టుకున్నారు. ఇవాళ పదకొండు నలభైకి నలభై ఎనిమిది గంటలు నిండుతాయి. ఈలోపు ఛార్జి పెట్టాలి, లేకపోతే వదలాలి. ప్రాసిక్యూటర్ పెడతానంటున్నాడు. పెట్టాక ఇక విచారణ దాకా లోపలే. అతనికి బెయిల్ కట్టే దిక్కు లేదు."

నాలుగో సెల్. లోపల మనిషి మంచం మీద లేడు. తలుపుకున్న సందుకి ముక్కు ఆనించి నిలబడి ఉన్నాడు.

పేరు ఎబెన్ మకాయివి. అరవై ఒక్క ఏళ్లు. కలీహి పేట మనిషి. విరిగిన పాత బొమ్మల్ని బాగుచేసే పని.

"పడుకోలేదా అంకుల్?"

"పడుకుంటే గోడలు దగ్గరికొస్తున్నాయమ్మా. నిలబడితే కాస్త ఆగుతున్నాయి."

"తిన్నారా?"

"శాండ్‌విచ్ ఇచ్చారు. తినడానికి కాదనుకుంటా. తలుపు కింద అడ్డం పెట్టుకోవడానికి."

హారియెట్ నవ్వలేదు. తలుపు తీయించింది. కుర్చీ లాక్కుని గుమ్మంలోనే కూర్చుంది. తలుపు మూయనివ్వలేదు. ఎబెన్ ఆ తెరిచిన తలుపు వంకే చూస్తూ కూర్చున్నాడు.

"శుక్రవారం ఆ గదిలో ఎంతసేపున్నారు?"

"నన్నడుగుతావేంటి? కిటికీ లేదు, గాలి లేదు. చుట్టూ అరల నిండా మా తమ్ముడు."

"ఎవరు?"

"ఆ బొమ్మ మా తమ్ముడమ్మా. కెయోలా."

ఆ బొమ్మ హారియెట్‌కి తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. కోరల్ క్రౌన్ అని ఒక విమానాల కంపెనీ ఉండేది. దాని టికెట్ కౌంటర్ ఎక్కడుంటే అక్కడ మోకాలెత్తు బొమ్మ ఒకటి నిలబడి ఉండేది. బొజ్జ, మెడలో పూలదండ, నెత్తిన పైలట్ టోపీ. రమ్మని ఊపుతున్న చెయ్యి. నోరంతా నవ్వు, ఆ నవ్వులో పై పన్ను ఒకటి లేదు. కంపెనీ వాడికి లిటిల్ కింగ్ అని పేరు పెట్టింది. మనం బుల్లి రాజా అందాం. ప్లాస్టర్‌తో వేలకు వేలు పోశారు. కంపెనీ మూతపడింది. బొమ్మలు చెత్తలోకి పోయాయి. చెత్తలోంచి కలెక్టర్ల అరల్లోకి ఎక్కాయి. ఇప్పుడు వాటికో క్లబ్బు, ఏటా ఒక సభ, బొమ్మ బొమ్మకీ గ్రేడు.

"మా నాన్న ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తేవాడు," అన్నాడు ఎబెన్. "సాయంత్రాలు చెక్క చెక్కేవాడు. మిలో చెక్క ముక్కలో తమ్ముణ్ణి చెక్కాడు. వాడికప్పుడు ఆరేళ్లు. కంపెనీ మేనేజరు చూసి, ఒకసారి పై వాళ్లకి చూపించి తెస్తానన్నాడు. తేలేదు. ఆరు నెలలు తిరిగేసరికి టోపీ పెట్టుకుని కౌంటర్ మీద నవ్వుతున్నాడు మావాడు."

"తమ్ముడు?"

"ఆ చలికాలమే తట్టు వచ్చి పోయాడు."

"ఫోటో ఉందా?"

"మా ఇంట్లో కెమెరా ఎక్కడిది? అందుకే కదా, ప్రెస్కాట్ అనే ఆయన వేలంలో అసలు చెక్క బొమ్మ కొన్నాడని వినగానే పరుగెత్తాను. చెయ్యి బీటలిచ్చిందట. నేను బాగుచేస్తాను, ఏమీ ఇవ్వక్కర్లేదు అన్నాను. నలభై ఐదేళ్ల తర్వాత వాడి ముఖం నిమిరాను." ఆగాడు. "ఆ పన్ను లేదు చూశావా? అచ్చు లోపం అని పేరు పెట్టారు క్లబ్బువాళ్లు. లోపమున్న బొమ్మకి గ్రేడెక్కువట. ఆరేళ్లవాడికి పన్ను ఊడదా అమ్మా?"

హారియెట్ ఫైలు తెరిచింది. కేసు రాసింది ఫోస్టర్ అనే కొత్త ఆఫీసరు. ఇక్కడికొచ్చి నాలుగు నెలలు.

"గురువారం ఏం చేశారు?"

"వాళ్లింట్లోనే చెయ్యి అతికించాను. జిగురులో మిలో చెక్క పొడి కలిపి. అది ఆరడానికి రెండు రోజులు పడుతుంది. హాల్లో ఏసీ గాలి నేరుగా కొడుతోంది, అతుకు పగులుతుంది. అందుకని తీసుకెళ్లి సామాన్ల గదిలో పెట్టాను. ఆయన ఇంట్లో లేడు. తెల్లారి ఆయనే ఫోన్ చేశాడు, బొమ్మేది అని. చెప్పాను. రెండు రోజులు కదపొద్దనీ చెప్పాను. కాసేపటికి మళ్లీ ఫోను, అక్కడ లేదు, నువ్వే వచ్చి చూపించు అని. వెళ్లాను. వేరే గదిలోకి తోసి గడియ పెట్టాడు."

"వేరే గది?" హారియెట్ కాగితం మీద వేలు పెట్టింది. "తూర్పు గదిలో పెట్టానని మీరే చెప్పినట్టు రాసుంది."

"తూర్పా?" ఎబెన్ ఆ మాటని నోట్లో వేసుకుని రుచి చూసినట్టు ఆగాడు. "అదెక్కడుంది?"

"మీరన్నది ఏంటి? అదే మాట చెప్పండి."

"డైమండ్ హెడ్ వైపు గది. ఫోన్లో చెప్పాను. గదిలోంచి గొంతు పోయేలా అరిచాను. ఇక్కడ ఆ కుర్రాడికీ చెప్పాను. ఇంకెవరికి చెప్పాలి, గవర్నరుకా?"

హారియెట్ ఫైలు మూసింది.

ఈ ఊళ్ళో దిక్కులకి ఆ పేర్లు లేవు. కొండ వైపు, సముద్రం వైపు. ఎవా ఊరి వైపు, డైమండ్ హెడ్ కొండ వైపు. దారి అడిగినా అంతే, పంటి నొప్పి ఏ వైపో చెప్పినా అంతే. ఇక్కడ పుట్టినవాడి నోట తూర్పు అనే మాట రాదు. అంటే ఈ కాగితంలో ఉన్నది ఎబెన్ మాట కాదు. ఎవరో మార్చిన మాట.

"అంకుల్, తలుపు మూస్తారు. కాసేపు ఓపిక పట్టండి."

"కాసేపంటే ఎంత?"

ఆమె వాచీ చూసుకుని మెట్లెక్కింది.

ఎనిమిదిన్నరకి హవాయి కాయ్ కొండ ఎక్కింది ఆమె కారు. నగరం దాటి, డైమండ్ హెడ్ దాటి ఇంకా అవతలికి. పొడుగాటి ఇల్లు. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. లోపల ఏసీ హోరు. ఇంటికి ఈ చివర ఒక సామాన్ల గది, ఆ చివర ఒకటి. ఏసీ ఆ రెండింటి దాకా రాదు.

తలుపు తీసింది జాయిస్ మెదేరోస్, ఆ ఇంట్లో వంటా శుభ్రమూ చూసే ఆవిడ. హారియెట్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. అక్కడ అప్పటికే రెండు జతలున్నాయి. జాయిస్‌వి ఒకటి. ఇంకొకటి మగ చెప్పులు.

హాల్లో ముగ్గురు మగవాళ్లు. ఇద్దరు బూట్లతోనే సోఫాలో కూర్చున్నారు.

గోర్డన్ ప్రెస్కాట్ ఇంటి యజమాని, బొమ్మ యజమాని. క్యాల్విన్ స్ట్రౌడ్ కాలిఫోర్నియా నుంచి వచ్చిన కలెక్టరు, అతని అతిథి. మూడో ఆయన విల్‌ఫ్రెడ్ ఇనాఫుకు. రిటైరైన పళ్ల డాక్టరు, క్లబ్బు పెద్ద. బొమ్మలకి గ్రేడులిచ్చేది ఆయనే. వట్టి కాళ్లతో ఉన్నది ఆయనొక్కడే. ఇంత ఉక్కలో తెల్లని పొడుగు చేతుల చొక్కా. మణికట్టు దాకా బొత్తాలు.

మధ్యలో ఖాళీ పీఠం. దాని మీద లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

"ఆ మనిషి ఒప్పుకున్నాడా?" ప్రెస్కాట్ అడిగాడు.

"దేనికి?"

"దొంగతనానికి. అది అతని తమ్ముడి ముఖమట. అతను కాక ఎవరు తీస్తారు? నేనే పిచ్చివాణ్ణి, నమ్మి చేతికిచ్చాను."

"శుక్రవారం పొద్దున చెప్పండి. మొదటి నుంచి."

"తొమ్మిదింటికి వీళ్లిద్దరూ వచ్చారు బొమ్మ చూడ్డానికి. పీఠం ఖాళీ. ఫోన్ చేశాను. తూర్పు గదిలో పెట్టానన్నాడు."

"తూర్పు అన్నాడా?"

"డైమండ్ హెడ్ అన్నాడు. రెండూ ఒకటే. నేను వైకీకీలో ఆరేళ్లున్నాను ఆఫీసర్. మీ వాళ్ల భాష నాకు బాగానే తెలుసు."

"ఈ ఇంటికి ఎప్పుడొచ్చారు?"

"మార్చిలో."

"గడియ పెట్టింది?"

"నేనే. దొంగని పట్టుకోవడం పౌరుడి హక్కు."

"ఎంతసేపు?"

"పదింటి నుంచి మీవాళ్లు వచ్చేదాకా. మీవాళ్లే ఆలస్యం చేశారు."

"గంటా నలభై నిమిషాలు. నీళ్లిచ్చారా?"

"తలుపు తీస్తే పారిపోడా?"

హారియెట్ స్ట్రౌడ్ వైపు తిరిగింది.

"లోపల్నుంచి ఏమని అరిచాడు?"

"డైమండ్ హెడ్, డైమండ్ హెడ్ అని. టూరిస్టు బస్సు కండక్టర్‌లాగా." స్ట్రౌడ్ నవ్వాడు. ఎవరూ కలవలేదు.

"మీరేం చేశారు?"

"నేను అతిథిని. ఇల్లు ఆయనది, గది ఆయనది. కాఫీ తాగాను."

"గొంతు ఎంతసేపు వినపడింది?"

"అరగంట. తర్వాత తలుపు మీద కొట్టాడు. తర్వాత అదీ లేదు."

"ఎందుకు ఆగాడో చూడాలనిపించలేదా?"

స్ట్రౌడ్ కప్పులోకి చూశాడు.

"మిస్టర్ ఇనాఫుకు, మీకేం వినపడింది?"

"సరిగా వినపడలేదమ్మా. చెవులు పాతబడ్డాయి. పైగా నేను ఇక్కడ లేను. అందరూ డీలా పడి ఉన్నారు కదా, ఏదైనా తినడానికి తెద్దామని వెళ్లాను. కపహులు వీధిలో మలసాదాలు కొనుక్కొచ్చాను, పంచదార అద్దిన బూరెలు. వేడివేడివి."

"ఎన్నింటికి వెళ్లారు?"

"పదిన్నరకి. పోలీసులకి కాస్త ముందు వచ్చేశాను."

హారియెట్ వంటింట్లోకి వెళ్లింది. జాయిస్ గిన్నెలు కడుగుతోంది. కడగడం కంటే కొట్టడం ఎక్కువగా ఉంది.

"ఆంటీ, మలసాదాలు బాగున్నాయా?"

"ఏం మలసాదాలు? పంచదార కరిగి కాగితానికి అంటుకుంది. రాయి. అవి ఆ పొద్దున కొన్నవే కాదు. ఏ ఏడింటికో కొని కారులో పెట్టుకున్నవి. ఎవరింటికైనా ఉత్త చేతులతో వెళ్లరు కదా, అందుకు కొనుంటాడు. వేడివట. మా అమ్మ పోర్చుగీసుది, నాకు చెప్తాడా మలసాదాల సంగతి?"

"పోలీసులకి చెప్పారా?"

"ఎవడడిగాడు? గేటు దగ్గర నిలబెట్టారు నన్ను, పోలీసులకి ఇల్లు చూపించమని. ఎండలో. గంటన్నర."

"ఎబెన్ అంకుల్ అరుపులు వినపడ్డాయా?"

జాయిస్ చేతిలోని గిన్నె ఆగింది. "గేటు దాకా రాలేదు. వచ్చుంటే గడియ నేను తీసేదాన్ని. ఉద్యోగం పోతే పోయేది."

"ఇనాఫుకు ఇల్లు ఎక్కడ?"

"కూలియోఉఓ. ఇక్కణ్ణుంచి పది నిమిషాలు."

హారియెట్ వంటింటి వెనక వరండాలోకి వెళ్లి నిలబడింది. కింద సముద్రం కదలకుండా పడి ఉంది. కుడి చేతి వైపు, దూరంగా, మసక ఎండలో డైమండ్ హెడ్ వీపు. ఎడమ చేతి వైపు, దగ్గరగా, ఇంకో కొండ, కోకో హెడ్. ఆమె అటు చూసింది, ఇటు చూసింది. లోపలికొచ్చి ఫోన్ తీసింది. కూలియోఉఓ ఇంటికి వారంటు అడగమని స్టేషన్‌కి చెప్పింది.

"దేని మీద అడగను?" లెఫ్టినెంట్ గొంతు. "ప్రాసిక్యూటర్ ఇక్కడే కూర్చున్నాడు. కాగితం టైపైంది. నీ చేతిలో ఏముంది?"

"చల్లారిన మలసాదాలు."

"హారియెట్."

"అరగంట ఆగండి. మనిషినొకణ్ణి ఆ ఇంటి ముందు నిలబెట్టండి. తలుపులోంచి ఏదీ బయటికి పోకుండా."

పది గంటల ఇరవై నిమిషాలు.

హాల్లోకి వచ్చింది. జాయిస్‌ని కూడా పిలిచింది. నలుగురూ ఖాళీ పీఠం చుట్టూ నిలబడ్డారు.

"ఒక్కసారి గది చూద్దాం. పదండి, డైమండ్ హెడ్ వైపు గదికి."

అని ఆమె ఉన్నచోటే ఉండిపోయింది.

ప్రెస్కాట్ ఎడమకి తిరిగి నడిచాడు. స్ట్రౌడ్ అతని వెంట. జాయిస్ చేతులు తుడుచుకుంటూ కుడికి నడిచింది. ఇనాఫుకు జాయిస్ వెనకే రెండు అడుగులు వేశాడు. మూడోది వేయలేదు. ఎడమకి తిరిగి ప్రెస్కాట్ వెంట నడిచాడు.

"ఎందుకు తిరిగారు?" అంది హారియెట్.

"నేనా? పొరపాటు."

"మొదటి రెండు అడుగులా, తర్వాతివా?"

అతని మెడ మీద చెమట పట్టింది. ఏసీలో.

ఆమె అందర్నీ ఎడమ చివరి గదికి తీసుకెళ్లింది. ఎబెన్‌ని పెట్టి మూసిన గది అది. కిటికీ లేదు. అరల నిండా ప్లాస్టర్ బుల్లి రాజాలు. అన్నిటికీ అదే నవ్వు, అదే ఊడిన పన్ను. అందరూ లోపలికి వచ్చాక హారియెట్ తలుపు వేసింది.

"ఇదేంటి?" అన్నాడు ప్రెస్కాట్.

"తలుపు. గడియ పెట్టలేదు. పెట్టను. మీకూ నాకూ అంతే తేడా."

రెండు నిమిషాలు గడిచాయి. గాలి బరువెక్కింది. స్ట్రౌడ్ కాలరు వదులు చేసుకున్నాడు. ప్రెస్కాట్ తలుపు వైపు జరిగాడు. ఆమె దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఇక్కడే గంటా నలభై నిమిషాలున్నాడు ఆయన. తన తమ్ముడి ముఖాల మధ్య. ఆయన అరిచినదాంట్లో అబద్ధం లేదు, దాపరికం లేదు. డైమండ్ హెడ్ వైపు గదిలో ఉంది, వెళ్లి తెచ్చుకోండి. అంతే. మిస్టర్ ప్రెస్కాట్, మీరు వైకీకీలో నేర్చుకున్నారు డైమండ్ హెడ్ అంటే తూర్పని. వైకీకీలో అది నిజమే. అక్కడ ఆ కొండ తూర్పునే ఉంటుంది. ఇల్లు మారారు. కొండని దాటి ఇవతలికొచ్చారు. కొండ మీ వెంట రాలేదు. అది అక్కడే ఉంది. ఇక్కడ డైమండ్ హెడ్ వైపంటే పడమర."

ప్రెస్కాట్ నోరు తెరిచాడు.

"అది దిక్కు పేరు కాదు. ఒక కొండ పేరు. మా మాట పట్టుకుని దాని అర్థం వదిలేశారు. దాన్ని మీరు తూర్పు అన్నారు, ఫోస్టర్ తూర్పు అని రాసుకున్నాడు. ఆయన్ని తీసుకొచ్చి బొమ్మ లేని గదిలోకి తోశారు. ఆయన డైమండ్ హెడ్ అని అరుస్తుంటే, అక్కడే ఉన్నావు కదా అని నవ్వుకున్నారు. అప్పుడు బొమ్మ ఇంటి రెండో చివర, చెప్పిన చోటే ఉంది."

"మధ్యాహ్నం పోలీసులు ఆ గదీ వెతికారు," అన్నాడు ప్రెస్కాట్. "ఏమీ లేదు."

"అప్పటికి లేదు. ఎందుకంటే ఆ అరుపు అర్థమైన మనిషి ఒకరు తలుపు ఇవతల ఉన్నారు. జాయిస్ ఆంటీని గేటు దగ్గరికి పంపేశారు. మిగిలింది మీరు ముగ్గురు. అందులో ఇద్దరికి డైమండ్ హెడ్ ఎటో తెలియదు, ఇందాక చూశాం. మిస్టర్ ఇనాఫుకు, మీ చెవులు పాతబడలేదు. ఆయన తానెక్కడ పెట్టాడో మీకు చెప్పాడు. మీరు వెళ్లి తీసుకున్నారు. పొద్దున కొన్న మలసాదాలు కారులో ఉన్నాయి, అవి పట్టుకుని తిరిగొచ్చారు."

"ఊహలు," అన్నాడు ఇనాఫుకు. "నడకలో తడబడ్డందుకు దొంగనా?"

"చొక్కా చేతులు మడవండి."

"దేనికి?"

"కోనా ఉక్కలో ఈ దీవి మీద పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాడు శవపేటికలో ఉంటాడు, లేకపోతే మీరు. మడవండి."

అతను కదల్లేదు. స్ట్రౌడ్ అన్నాడు, "విల్‌ఫ్రెడ్, మడిచెయ్ బాబూ, బయటికి పోదాం."

ఇనాఫుకు ఎడమ చేతి బొత్తాం తీశాడు.

మోచేతి లోపలి వైపు అరచెయ్యంత మేర వెంట్రుక లేదు. చర్మం ఎర్రగా ఊడి ఉంది. అంచుల్లో గోధుమరంగు గీత ఇంకా అంటుకునే ఉంది.

"జిగురు ఆరలేదు," అంది హారియెట్. "రెండు రోజులు కదపొద్దని ఆయన ఫోన్లోనే చెప్పాడు. మీరు చంటిపిల్లణ్ణి ఎత్తుకున్నట్టు చంకలో పెట్టుకుని పరుగెత్తారు. ఆ గీతలో మిలో చెక్క పొడి ఉంటుంది. ల్యాబ్ చెప్తుంది. ఈలోపు మీరే చెప్తే మంచిది. ఎక్కడుంది?"

అతను బొత్తాం మళ్లీ పెట్టుకున్నాడు.

"మా ఇంట్లో. వాడని స్నానపు తొట్టిలో. తువ్వాళ్ల కింద."

"ఎందుకు?"

"నలభై ఏళ్లు వెతికాను." ప్రెస్కాట్ వైపు చూశాడు. "ప్రతి అచ్చూ నా దగ్గరుంది. ప్రతి రంగూ ఉంది. అసలుది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నిన్న కాక మొన్న వచ్చిన ఈయనకి దొరికింది. కొండ ఏ వైపుందో తెలియనివాడికి."

"మీరు పళ్ల డాక్టరు. చెక్క బొమ్మ నోట్లోకి చూశారా?"

అతను తల దించుకున్నాడు.

"చూశారు. ఏముంది అక్కడ?"

"చిగుళ్లలో కొత్త పన్ను మొన," అన్నాడు నెమ్మదిగా. "చెక్కినవాడు అది కూడా చెక్కాడు."

"అంటే అచ్చు లోపం కాదని తెలుసు. ఎవరో పిల్లవాడని తెలుసు. అయినా లోపమని గ్రేడులిచ్చారు. అది పోనివ్వండి. తలుపు అవతల ఆ పిల్లవాడి అన్న అరిచాడు. మన మాటలో. మిగతా ఇద్దరికీ అది చప్పుడు. మీకు అది మాట. ఈ ఇంట్లో ఆయన్ని బయటికి తీయగలిగిన మనిషి మీరొక్కరే. బొమ్మని మోసుకుంటూ ఈ తలుపు ముందు నుంచి వెళ్లారా?"

"వీళ్లు వంటింట్లో ఉన్నారు, కారు ఈ చివర బయట ఉంది. వేరే దారి లేదు."

"అప్పుడు కొడుతున్నాడా?"

"కొడుతున్నాడు."

జాయిస్ ఏదో అంది. పోర్చుగీసులో. ఎవరూ అర్థం అడగలేదు.

హారియెట్ తలుపు తీసింది. ఇనాఫుకు చేతులకి బేడీలు వేసింది. తర్వాత ప్రెస్కాట్ వైపు తిరిగింది.

"మీరు కూడా."

"నేనా? నేను ఫిర్యాదుదారుణ్ణి."

"మనిషిని అక్రమంగా బంధించారు. అది నేరం. మీరే ఒప్పుకున్నారు, ఇందాక, ముగ్గురి ముందు. కారు దాకా నడవండి. బూట్లు వేసుకునే ఉన్నారు, ఆలస్యం లేదు."

"మరి నేను?" అన్నాడు స్ట్రౌడ్.

"మీ మీద పెట్టడానికి నా దగ్గర సెక్షన్ లేదు మిస్టర్ స్ట్రౌడ్. కాఫీ తాగండి."

స్టేషన్‌కి ఫోన్ చేసింది. "తలుపు తీయండి," అంది. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

పదకొండు ముప్పై రెండుకి నాలుగో సెల్ తలుపు తీశారు. పన్నెండుకి కూలియోఉఓ నుంచి బొమ్మ వచ్చింది. స్టేషన్ బల్ల మీద తువ్వాలు విప్పారు. ఊపుతున్న చెయ్యి విడిపోయి పక్కన పడి ఉంది. ఎబెన్ దాన్ని తీసి అతుకు చూశాడు.

"చెప్పాను కదమ్మా," అన్నాడు. "కదపొద్దని."

బొమ్మ ముఖం మీద చెయ్యి పెట్టాడు. తీయలేదు.

"తీసుకెళ్లొచ్చా?"

"ఇప్పుడిది సాక్ష్యం అంకుల్. ఇనుప గదిలో పెట్టాలి."

"కేసయ్యాక?"

"యజమానికి ఇస్తారు."

"యజమాని ఎవరు?"

అతనికి తెలుసు. గడియ పెట్టినందుకు ప్రెస్కాట్‌కి శిక్ష పడొచ్చు, పడకపోవచ్చు. రెండిట్లో ఏదైనా బొమ్మ మాత్రం ఆయనదే. వేలంలో కొన్నాడు. రసీదుంది. ఆ తండ్రి దగ్గర మేనేజరు అడిగి తీసుకున్నప్పుడు రసీదు ఇవ్వలేదు. చట్టానికి కనపడేది అంతే.

ఆ సాయంత్రం బుల్లి రాజాని ఇనుప గదిలో పెట్టి తాళం వేశారు. అందులోనూ కిటికీ లేదు.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది వినండి.

క్లబ్బువాళ్లారా, కలెక్టర్లారా, కౌంటర్ మీంచి ఈ బొమ్మని ఇంటికి తెచ్చుకున్న ప్రతివాడా, లేవండి. మీ అరలో ఉన్నవాణ్ణి దించండి. తలకిందులు చేయండి. అడుగున కంపెనీ పేరు పోత పోసి ఉంటుంది. దాని మీద గీత కొట్టండి. కెయోలా మకాయివి, కలీహి, ఆరేళ్లు అని రాయండి. అచ్చు లోపమనే మాట మీ పుస్తకాల్లోంచి కొట్టేయండి. అది పాలపన్ను. క్యాల్విన్ స్ట్రౌడ్, నువ్వూ రాయి, నీకు చేతులున్నాయి. ప్రెస్కాట్, ఆ చెక్క బొమ్మ మీద హక్కు లేదని సంతకం పెట్టు. కేసు ముగిసేదాకా ఆగక్కర్లేదు. అది వెళ్లాల్సింది నీ పీఠం మీదికి కాదు. కలీహికి, ఆ పిల్లవాడి అన్న చేతుల్లోకి.

గడియ మీ వైపే ఉంది. తీయండి.